"దేశి సరకుల నమ్మవలెనోయ్": నమ్మాలా, అమ్మాలా?

ఫిల్మ్ క్లబ్ సభ్యుడు:
అర్జెంటీనా ఆర్థిక పతనంపై ఫెర్నాండో సోలానాస్ 2004లో తీసిన డాక్యుమెంటరీని మా క్లబ్బులో ప్రదర్శించబోతున్నాం. చమురు సంస్థను, రైళ్లను, టెలిఫోన్లను తెగనమ్మిన పాలకులనూ, 2001 డిసెంబరులో బువనోస్ ఐరిస్ వీధుల్లో గిన్నెలూ మూకుళ్లూ వాయిస్తూ వాళ్లను నిలదీసిన జనాన్నీ చూపే ఆ చిత్రం, ఉన్నదంతా పరాయివాళ్ల చేతిలో పెట్టాక ఇక దేశమని దేన్ని పిలవాలని అడుగుతుంది. పరిచయ వ్యాసానికి శీర్షికగా గురజాడ 'దేశభక్తి'లోని "దేశి సరకుల నమ్మవలెనోయ్" అన్న పాదం పెడదామనుకున్నాను. స్వదేశీ వస్తువులను విశ్వసించాలనే కదా దీని భావం? ముందు పాదం గుర్తుకు రావడం లేదు.

ఛందోభిలాషి:
ముందున్నది "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్", తర్వాతిది "డబ్బు తేలేనట్టి నరులకు". సరకులన్ అమ్మవలె అని విడదీయాలి. విశ్వాసం మాత్రాన డబ్బు రాదు కదండీ. అయినా మీరే మీ ప్రశ్నలో 'తెగనమ్మిన పాలకులు' అని రాశారు. అక్కడ మీకు నమ్మకం కనిపించిందా?

పాత పుస్తకాల పిచ్చి:
తెగనమ్ము ఏనాడో ఒకే మాటగా గట్టిపడింది, దాన్ని సాక్ష్యానికి పిలవడం న్యాయం కాదు. 'సరకుల నమ్మ' అన్నప్పుడు విభక్తి రెండర్థాలకూ పొసగుతుంది, మాత్రలు ఎటూ పధ్నాలుగే, క్రమ్మ–నమ్మ ప్రాస ఎలాగూ చెడదు. విదేశీ వస్త్ర బహిష్కారపు వేడి చల్లారని రోజుల్లో రాసిన గేయాన్ని వట్టి వర్తక సలహాగా చదవడానికి నా మనసొప్పదు.

ఛందోభిలాషి:
అలాగైతే 'క్రమ్మవలెనోయ్'ని ఏం చేస్తారు? మనం ఇంట్లో కూర్చుని మన సరకును నమ్ముకుంటే అన్ని దేశాలనూ కమ్మేది ఏమిటి? పైగా రైతు భూమిని నమ్ముకుంటాడు గానీ ఊరికే నమ్మడు. ఆధారపడటం అన్న అర్థానికి 'కొను' చేరాలి.

విజయనగరం వాసి:
ఇద్దరూ "కళలెల్ల నేర్చుకు దేశి సరుకులు నించవోయ్" అన్న చరణాన్ని వదిలేశారు. అక్కడ కళలంటే చేతిపనులు, పరిశ్రమలు; అవి నేర్చి సరుకు నింపాక అమ్మకపోతే కుప్ప పోసుకోవడానికా? గురజాడకు వ్యాపారమంటే ఏవగింపు లేదు. "సొంత లాభం కొంత మానుకు" అన్నాడు, మొత్తం మానుకొమ్మనలేదు. ఆ 'కొంత' ప్రాసయతి కోసమే పడిందనే పండితులతో నాకు ఎప్పుడూ పేచీయే. దేశం పేరెత్తి ఉపన్యాసాలు దంచేవాళ్లంటే ఆయనకు ఎంత వెటకారమో 'కన్యాశుల్కం' చూస్తే తెలుస్తుంది: గిరీశం బండివాడికి రెండు గంటలు కాంగ్రెసు సంగతి చెబితే, వాడు అడిగింది తమ ఊరి హెడ్ కానిస్టేబుల్‌కు బదిలీ ఎప్పుడని. 'మనుషులోయ్' అన్నది ఆ బండివాడి గురించే అని నా అభిప్రాయం.

పాత పుస్తకాల పిచ్చి:
బండివాడి ప్రస్తావన రమ్యంగా ఉంది గానీ మా సంధి తెగలేదు. లాభాపేక్షను ఎండగట్టే చిత్రానికి 'అమ్మాలోయ్' అనే శీర్షిక పెడితే ప్రేక్షకులు నవ్విపోరా?

ఛందోభిలాషి:
నవ్వరు. 1991 చట్టంతో అర్జెంటీనా తన నాణేన్ని డాలరుకు కట్టివేశాక దిగుమతులు చవకయ్యాయి, స్థానిక కర్మాగారాలు మూతపడ్డాయి. సొంత సరకు అమ్ముకునే తోవ పోయింది, రైలు పట్టాలు అమ్ముకునే తోవ మిగిలింది. మీ అర్థం ఆ చిత్రానికి ఓదార్పు మాత్రమే, నా అర్థం దానికి వాదాన్ని ఇస్తుంది.

ఫిల్మ్ క్లబ్ సభ్యుడు:
మీ ఇద్దరికీ నమస్కారాలు. 'సరకులనమ్మవలెనోయ్' అని ఎడం లేకుండా కలిపి అచ్చువేస్తాను, ఎవరికి తోచినట్టు వారు విడదీసుకుంటారు.

పాత పుస్తకాల పిచ్చి:
కలిపి రాస్తే అమ్మకం పక్షానికి మొగ్గినట్టే, దయచేసి ఎడం ఉంచండి.

విజయనగరం వాసి:
ఎడం మాట తర్వాత చూడవచ్చు. ఇంతకీ శీర్షికలో పెట్టబోయేది సరకా, సరుకా? ఇదే గేయంలో నేను రెండు రూపాలూ చూశాను.