నేల స్లాత్‌లు నిజంగా అంతరించాయా? మాపింగ్వారీని చూశామన్న వాళ్ల మాటకు విలువ ఎంత?

లంకమల
అమెజాన్ అడవిలో మాపింగ్వారీ అనే జంతువు ఉందని అక్కడి ఆదివాసులు, రబ్బరు పాలు తీసే కూలీలు తరతరాలుగా చెబుతున్నారు. మనిషిని మించిన ఎత్తు, ఒళ్లంతా దట్టమైన జుట్టు, కొడవళ్లలాంటి గోళ్లు, భరించలేని కంపు, తూటా దిగని తోలు. వెనక కాళ్ల మీద లేచి నిలబడి అరుస్తుందట. బ్రెజిల్‌లోని బెలెం నగరంలో ఉన్న గోయెల్డి మ్యూజియంలో పనిచేసిన పక్షి శాస్త్రవేత్త డేవిడ్ ఓరెన్ ఈ వర్ణన విన్నాక, ఇది ఎప్పుడో అంతరించిందని మనం అనుకుంటున్న నేల స్లాత్ కావచ్చని 1993లో ఒక పరిశోధన వ్యాసమే రాశారు.

తెలియని వారి కోసం: స్లాత్‌లలో ఇప్పుడు చెట్టుకు తలకిందులుగా వేలాడే చిన్న జంతువులే మిగిలాయి. వాటి పాత బంధువులు నేల మీద తిరిగేవి. వాటిలో మెగాథీరియం ఆరు మీటర్ల పొడవు, సుమారు నాలుగు టన్నుల బరువు.

నేను అడిగేది ఒక్కటే. అడవిలో పుట్టి అడవిలో బతికే వాళ్లు "చూశాం" అంటే, ఇంట్లో కుర్చీలో కూర్చుని "లేదు, మీరు చూడలేదు" అనే అధికారం మనకు ఎవరిచ్చారు?

బడిపంతులు
అధికారం సంగతి తర్వాత. ముందు లెక్క చూద్దాం. నేల స్లాత్‌లు అంతరించాయంటున్నది సుమారు పన్నెండు వేల ఏళ్ల కిందట. ఒక్క జంతువు అన్నేళ్లు బతకదు. తల్లి, పిల్ల, మంద, ప్రతి తరంలోనూ కొన్ని వందలైనా ఉండాలి. అవి తినాలి, పేడ వేయాలి, చావాలి. అక్కడి వాళ్లు వేట మీద బతికేవారు; కోతిని, అడవి పందిని, తాపిర్‌ను వండుకు తినేవారు. అంత పెద్ద జంతువును ఒక్కసారి కొట్టినా గోరో, పుర్రో, తోలు ముక్కో ఏదో ఒక ఇంటి చూరులో ఉండేది కదా? ఒక్కటి కూడా లేదు.

తెలుగువాచకం
విషయం బాగుంది. కానీ స్లాత్ అనే పరాయి మాట ఎందుకు? దేవాంగపిల్లి అనవచ్చు కదా.

లంకమల
మాస్టారూ, మా జిల్లా సంగతే చెబుతాను. కలివికోడి మీకు తెలుసు. జెర్డాన్ దొర 1848లో లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఏ శాస్త్రవేత్తకూ కనిపించలేదు, అంతరించిందన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. ఎవరికి దొరికింది? రాత్రిపూట దీపం పట్టుకుని పిట్టలు కొట్టే ఒక పల్లెటూరి మనిషికి. ఎనభై ఆరేళ్లు పుస్తకంలో చచ్చిన పిట్ట మా ఊళ్ల చుట్టూ కంపల్లో పరుగులు తీస్తూనే ఉంది. దానికో పేరు కూడా ఉంది. పేరున్న ప్రాణిని లేదన్నది ఎవరు? పుస్తకం.

పిట్ట చిన్నది కదా అంటారు. సరే, దక్షిణ అమెరికాలోనే చూడండి. చాకో ప్రాంతపు అడవి పందిని 1930లో శిలాజాల ఆధారంగా వర్ణించారు. అంటే శాస్త్రానికి అది పుట్టడమే చచ్చిన జంతువుగా పుట్టింది. 1970లలో పరాగ్వేలో బతికే ఉందని తేలింది. అక్కడి జనానికి అది కొత్త కాదు. తాగువా అని పిలుచుకుంటూ వేటాడి తింటున్నారు. వాళ్లను ముందే అడిగి ఉంటే నలభై ఏళ్లు కలిసొచ్చేది.

పాతగుహ
ఈ చర్చ కొత్తది కాదు. నూట ముప్పై ఏళ్ల కిందట పటగోనియాలో ఇదే జరిగింది, వివరంగా చెప్పడం అవసరం.

చిలీ దక్షిణ కొసన ఉల్తిమా ఎస్పెరాన్సా అనే సముద్రపు పాయ ఉంది. ఆ పేరుకు ఆఖరి ఆశ అని అర్థం. 1895లో హెర్మన్ ఎబర్‌హార్డ్ అనే జర్మన్ వలసదారుకు అక్కడ ఒక పెద్ద గుహలో తోలు ముక్క దొరికింది. దళసరి తోలు, పైన ఎర్రటి ముతక జుట్టు ఊడకుండా అలాగే ఉంది. అడ్డంగా కోసి చూస్తే లోపల చిక్కుడు గింజల్లాంటి చిన్న ఎముకలు వరసగా పొదిగి ఉన్నాయి. అంత తాజాగా ఉన్న తోలును చూసి ఎవరైనా మొన్న చచ్చిన జంతువనే అనుకుంటారు. అర్జెంటీనా శాస్త్రవేత్త ఫ్లోరెంతినో అమేగినో అలాగే అనుకున్నాడు. 1898లో ఇది ఇప్పటికీ బతికున్న జంతువని ప్రకటించి, నియోమైలోడాన్ లిస్తాయి అని పేరు పెట్టాడు. రామోన్ లిస్తా అనే అన్వేషకుడు సాంతాక్రూస్ ప్రాంతంలో అలుగులాంటి, కానీ జుట్టున్న జంతువును చూశానని, కాలిస్తే తూటాలు పనిచేయలేదని చెప్పాడట. అందుకే ఆ పేరు. గుహలో పేడ గుట్టలు కనబడితే, హౌతాల్ అనే మరో శాస్త్రవేత్త మనుషులు వీటిని కొట్టంలో కట్టి పెంచారని కూడా రాశాడు.

1900లో లండన్ పత్రిక డైలీ ఎక్స్‌ప్రెస్ డబ్బు పెట్టి హెస్కెత్ ప్రిచార్డ్‌ను పంపింది. నెలల తరబడి తిరిగి, జంతువు జాడే లేదని తిరిగొచ్చాడు. ఆ తోలు మైలోడాన్ అనే నేల స్లాత్‌ది. తర్వాతి కాలంలో కార్బన్ పరీక్షలు చేస్తే ఆ గుహలోని దాని అవశేషాలు పది వేల ఏళ్లకు పైబడినవని తేలింది. చలి, పొడి గాలి, ఉప్పు కలిసి తోలును అలా కాపాడాయి.

శారద, వర్జీనియా
మేముండే ఈ వైపునే ఇంకా పాత ఉదాహరణ ఉంది. పడమటి వర్జీనియా గుహలో దొరికిన కొన్ని పెద్ద గోళ్ల ఎముకలు తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ దగ్గరకు వచ్చాయి. 1797లో ఆయన దానికి మెగాలోనిక్స్, అంటే పెద్ద గోరు, అని పేరు పెట్టారు. మొదట సింహంలాంటి మృగమనుకున్నారు. సృష్టిలో ఏ జాతీ పూర్తిగా అంతరించదని గట్టిగా నమ్మిన మనిషి. రాత్రిపూట అడవిలో భయంకరమైన గర్జనలు విన్నామన్న తొలి వలసదారుల మాటలను కూడా సాక్ష్యంగా రాశారు. పడమటి అడవుల్లో అది ఇంకా తిరుగుతూ ఉంటుందని ఆశపడ్డారు. చివరకు అది నేల స్లాత్ అని తేలింది, ఎప్పుడో పోయిందనీ తేలింది. చదువుకున్న పెద్దలు కూడా ఆశతో చూస్తే ఇలాగే చూస్తారు.

తెలుగువాచకం
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. దేవాంగపిల్లి అనడంలో తప్పేమిటి?

పాతగుహ
దేవాంగపిల్లి మన అడవుల్లో ఉండే వేరే జంతువు. కోతుల వైపు చుట్టం. నెమ్మదిగా కదులుతుందన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఇలాంటి పొరపాటు శాస్త్రవేత్తలూ చేశారు. పొడవైన గోళ్లు, పై దవడలో రెండు ముందు పళ్లు లేకపోవడం చూసి 1791లో జార్జ్ షా మన ఎలుగుబంటిని స్లాత్‌ల జాబితాలో వేశాడు.

లంకమల
అదే నేను చెప్పేది. మన ఊళ్లో ఏ పసివాణ్ని అడిగినా అది ఎలుగుబంటి అని చెప్పేవాడు. లండన్‌లో కూర్చున్నాయనకు తెలియలేదు.

బడిపంతులు
లంకమల గారూ, కలివికోడి మీ వాదనకు బలం కాదు, నా వాదనకు. ఆ పిట్ట చేతికి చిక్కింది. జానెడు పిట్ట, రాత్రి మాత్రమే తిరిగేది, ఎవరూ వెతకనప్పుడు ఎనభై ఆరేళ్లు దాక్కుంది, వెతకగానే దొరికింది. తాగువాకూ అంతే, పుర్రెలు వచ్చాయి, తోళ్లు వచ్చాయి. మాపింగ్వారీని ఏళ్ల తరబడి వెతికారు. బ్రెజిల్ అమెజాన్‌లోని రొండోనియాలో రోడ్లు వేశారు, అడవి నరికి పశువుల మేతకు బీళ్లు చేశారు. ఆ నరికిన అడవిలోంచి జింకలు, జాగ్వార్‌లు, కోతులు బయటపడ్డాయి. ఇది మాత్రం రాలేదు.

లిస్తా సంగతి కూడా గమనించండి. అమేగినో ఆయన పేరు చెప్పేనాటికే లిస్తా హత్యకు గురై చనిపోయాడు. అంటే మనకు మిగిలింది చనిపోయిన మనిషి చూశాడని మరొకరు చెప్పిన మాట. దీన్నా సాక్ష్యమనేది?

లంకమల
అమెజాన్ నేల పులుపు, తేమ. ఎముక కొద్దికాలంలోనే కరిగిపోతుంది. ఏమీ దొరకలేదంటే లేనట్టు కాదు. పెరూలో మచిగెంగా ఆదివాసుల మధ్య పనిచేసిన గ్లెన్ షెపర్డ్ అనే మానవ శాస్త్రవేత్త చెప్పింది వినండి. ఆ జంతువు గురించి అడిగితే ఒకతను మామూలుగా, "నేను లీమా మ్యూజియంలో చూశాను" అన్నాడట. షెపర్డ్ వెళ్లి కనుక్కుంటే అక్కడ ఉన్నది నేల స్లాత్ నమూనా. అన్ని బొమ్మల మధ్య ఆయన సరిగ్గా దాన్నే గుర్తుపట్టాడు.

మీరు ఎంత చెప్పినా చివరకు తేలేది ఒక్కటే: ఆ మనుషులు అబద్ధాలకోరులు, మనం సత్యవంతులం. నేరుగా ఆ మాటే అనండి.

బడిపంతులు
నేను అనని మాటను నా నోట్లో పెట్టవద్దు. అబద్ధం వేరు, పొరపాటు వేరు. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను. ఆ రెండింటికీ తేడా తెలియకుండానే చెప్పానా?

శారద, వర్జీనియా
ఇద్దరూ కాస్త శాంతించండి.

లంకమల
శాంతించడానికేమీ లేదు. నాకెందుకు మండుతోందో చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

మా నాన్న గొర్రెల కాపరి. ఒక వేసవిలో కొండ వారన మా మందలో పదకొండు గొర్రెలు పోయాయి. చిరుత అని నాన్నకు మొదటి రోజే తెలుసు. అడుగు చూశాడు, మెడ పట్టిన తీరు చూశాడు, ఈడ్చుకుపోయిన జాడ చూశాడు. ఒక గొర్రె మెడ ఎముకను పాత పంచె గుడ్డలో మూటగట్టుకుని పన్నెండు మైళ్లు నడిచి ఆఫీసుకు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను, నాకు పదేళ్లు. అక్కడి అధికారి మూటను బల్ల మీద పెట్టనివ్వలేదు. "ఈ కొండల్లో చిరుతలు లేవు, కుక్కలు అయి ఉంటాయి" అని రాసి పంపేశాడు. మూట ముడి కూడా విప్పి చూడలేదు, మాస్టారూ. పరిహారం రాలేదు. రెండేళ్లకు రోడ్డు మీద లారీ కింద పడి చిరుత చచ్చింది. దాని ఫొటో పత్రికలో వేశారు. మా నాన్న దగ్గరకు మాత్రం ఎవరూ రాలేదు.

మాపింగ్వారీ ఉందో లేదో నేను చూడబోయానా? దాన్ని చూశానని అమెజాన్‌లోని కరితియానా తెగ మనిషి చెబుతున్నప్పుడు నాకు కనిపించేది ఆ మూట.

బడిపంతులు
మీ నాన్నగారి విషయంలో ఆ అధికారి చేసింది తప్పు. ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ నాదీ వినండి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక ముసలమ్మ రాత్రిళ్లు నిప్పులు కక్కుతూ తిరుగుతోందని పుకారు పుట్టింది. ఊరంతా చూశామన్నది. నా క్లాసులో పిల్లలు చూశామన్నారు, వాళ్ల తల్లులు చూశామన్నారు. ఒక్కరూ అబద్ధం ఆడలేదు. అందరూ నిజంగానే భయపడ్డారు, నిజంగానే ఏదో వెలుగు చూశారు. ఆ ముసలమ్మను కొట్టి ఊరి నుంచి తరిమేశారు. ఆమె మనవరాలు మా బడి మానేసింది. హాజరు పట్టీలో ఆ పేరుకు ఎదురుగా నెలల తరబడి సున్నాలు వేసుకుంటూ పోయాను. "చూశాం" అన్న మాట వినగానే నాకు కనిపించేది ఆ పట్టీ.

ఇంకో మాట. మాపింగ్వారీకి ఒకే కన్ను అంటారు, పొట్ట మీద నోరు అంటారు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఇవీ ఆ మనుషులు చెప్పినవే. మీ మొదటి పోస్టులో ఇవేవీ లేవు. స్లాత్‌కు అతికేవి ఉంచి, అతకనివి తీసేశారు. వాళ్ల మాటను పూర్తిగా నమ్మనిది నేనొక్కడినేనా?

లంకమల
తీసేశాను. నిజమే. పొట్ట మీద నోరు అంటే జనం నవ్వుతారని తీసేశాను.

పాతగుహ
ఒక మధ్యస్థ మాట. క్యూబాలో మెగాలోక్నస్ అనే నేల స్లాత్ సుమారు 4,700 ఏళ్ల కిందటి వరకు బతికే ఉంది. ఖండం మీద అవి పోయాక కూడా దీవుల్లో వేల ఏళ్లు మిగిలాయి, అక్కడికి మనుషులు చేరిన తర్వాత కూడా కొంతకాలం ఉన్నాయి. ఇక న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో బయటపడిన అడుగుల గురించి 2018లో ప్రచురించారు. ఎండిన సరస్సు ఒడ్డున నేల స్లాత్ అడుగు, సరిగ్గా దాని లోపల మనిషి పాదం. ఎవరో దాని వెనకే, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లారు. కొన్ని చోట్ల స్లాత్ వెనక్కి తిరిగి లేచి నిలబడిన గుర్తులూ ఉన్నాయి. అలా వెంటాడిన వాళ్లు ఇంటికెళ్లి ఏమీ చెప్పకుండా ఉంటారా? జంతువు పోయి కథ మిగిలి ఉండవచ్చు. షెపర్డ్ కూడా దాదాపు అదే అన్నారు.

శారద, వర్జీనియా
నాకు ఇదే సరైనదనిపిస్తోంది.

బడిపంతులు
పన్నెండు వేల ఏళ్లు ఒక కథ నిలుస్తుందా అన్నది వేరే చర్చ, నాకు అనుమానమే. కానీ ఓరెన్ విషయం ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఆయన వ్యాసం రాసి ఊరుకోలేదు. అడవిలోకి మళ్లీ మళ్లీ వెళ్లాడు. వాళ్లు చూపించిన చోటికల్లా వెళ్లాడు, జుట్టు తెచ్చాడు, పేడ తెచ్చాడు, పరీక్ష చేయించాడు. జుట్టు అగూటీ అనే కుందేలంత ఎలుకజాతి జంతువుది. పేడ చీమలు తినే జంతువుది.

లంకమల గారూ, ఓరెన్ ముడి విప్పాడు. మూటలో స్లాత్ లేదు.

లంకమల
విప్పాడు కదా. నేను మొదటి నుంచీ అడిగింది అదే. విప్పి చూసి లేదన్నవాడి మాట వింటాను. కలివికోడిని వెతికి పట్టినవాడూ, అగూటీ జుట్టు తెచ్చినవాడూ నాకు ఒకటే. విప్పకుండా రాసినవాడి మాట మాత్రం వినను.

ఆ ఎముక ఇప్పటికీ మా ఇంట్లో గూట్లో ఉంది, అదే గుడ్డలో. ఆదివారం ఊరికి వెళ్తున్నాను. ముడి విప్పి ఫొటో తీసి ఇక్కడ పెడతాను. పళ్ల గాట్ల మధ్య దూరం కొలిచి చెబుతాను, పాతగుహ గారూ మీరూ చూడండి. మాస్టారూ, చూశాక కుక్క అని మీకు అనిపిస్తే అనండి.