సివిల్ బీటెక్‌తో పాటు జీఐఎస్ మైనర్: ఏ పేపర్లు తీసుకోవాలి?

ప్రశ్న:
హైదరాబాద్‌లో సివిల్ రెండో ఏడాది చదువుతున్నా. మామూలు క్రెడిట్ల మీద ఇంకో 18 చేస్తే జీఐఎస్ (పటాలు, స్థల సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే పద్ధతి) మైనర్ ఇస్తారట. ఆప్షన్లలో రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాల అధ్యయనం), కార్టోగ్రఫీ (పటాల తయారీ), స్పేషియల్ డేటాబేస్, పైథాన్, ప్రాజెక్టు ఉన్నాయి. ఏవి వదలకూడదు? ప్రాజెక్టుగా చెరువుల ఆక్రమణలు తీసుకుందామని ఉంది. సాఫ్ట్‌వేర్ కొనాల్సి వస్తుందా?

జవాబు 1:
కొనక్కర్లేదండీ. జీఐఎస్ పనికి క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 8 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 16 ఉంటే హాయి. డేటాబేస్, పైథాన్ మాత్రం వదలొద్దు. మెనూలు నొక్కడం సొంతంగానే వచ్చేస్తుంది. లక్ష సర్వే నంబర్ల పొరను (లేయర్‌ను) చెరువుల పొరతో పోస్ట్‌జీఐఎస్ అనే స్పేషియల్ డేటాబేస్‌లో కలపడం, స్పేషియల్ ఇండెక్స్ (స్థలాన్ని బట్టి త్వరగా వెతికే సూచిక) వేయకపోతే అది ఎందుకు ఈడుస్తుందో తెలియడం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాల్సిన పని. రిమోట్ సెన్సింగ్‌కు డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు తోడు పెట్టుకోండి. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ పేపర్ కూడా ఉంది.

ఇంకోటి, పొరలు దాచే పాత ఫార్మాట్ షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు 10 అక్షరాలు దాటితే కత్తిరించేస్తుంది. ఎన్‌కోడింగ్ తప్పితే తెలుగు ఊళ్ల పేర్లు ప్రశ్నార్థకాలైపోతాయి. మొదటి రోజు నుంచే కొత్త ఫార్మాట్ జియోప్యాకేజ్‌లో దాచుకోండి.

జవాబు 2:
ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన పటంపైకి తెచ్చే పద్ధతి) దగ్గరే. డౌన్‌లోడ్ చేసిన పొర చాలాసార్లు ఈపీఎస్‌జీ 4326 అనే కోడ్ ఉన్న కోఆర్డినేట్ పద్ధతిలో, అంటే డిగ్రీల్లో ఉంటుంది. అక్కడ బఫర్‌కు (చుట్టూ గీసే పట్టీకి) 30 అని కొడితే 30 డిగ్రీలు తీసుకుంటుంది, దేశమంతా అందులో పడుతుంది. హైదరాబాద్‌కు మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44ఎన్ జోన్, అంటే కోడ్ 32644 వాడండి. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం 43ఎన్‌లోకి, 84 దాటిన ఇచ్ఛాపురం 45ఎన్‌లోకి వెళ్తాయి.

క్యూజీఐఎస్‌లో 'సెట్ లేయర్ సీఆర్ఎస్' (సీఆర్ఎస్ అంటే కోఆర్డినేట్ పద్ధతి) నొక్కితే పేరు మారుతుంది గానీ అంకెలు మారవు, పొర ఎక్కడో సముద్రంలో తేలుతుంది. మార్చాల్సింది 'రీప్రొజెక్ట్ లేయర్'తో.

జవాబు 3:
చెరువుల ప్రాజెక్టు మంచిదే, కానీ ప్రశ్నను ముందే బిగించాలి. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే చెరువు అలుగు మట్టానికి నిండినప్పుడు మునిగే హద్దు. చిత్రంలో ఆ రోజు కనిపించిన నీటి అంచును ఎఫ్‌టీఎల్ అని రాస్తే అది తప్పు. తెలంగాణ నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్, చిన్నవాటికి 9 మీటర్లు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో పిక్సెల్ 10 మీటర్లు! 9 మీటర్ల పట్టీలో గోడ కట్టారో లేదో అందులో తేలదు. దానికి ఇంకా స్పష్టమైన చిత్రాలు, క్షేత్రంలో కొలతలు కావాలి.

సెంటినెల్‌తో నిజాయితీగా చెప్పగలిగింది పెద్ద చెరువుల నీటి విస్తీర్ణం ఏళ్లలో ఎలా మారిందన్నది. నీటిని గుర్తించే సూచిక ఎన్‌డీడబ్ల్యూఐకి బ్యాండ్ 3, బ్యాండ్ 8 చాలు. గుర్రపుడెక్క కప్పిన నీరు మాత్రం పచ్చిక లెక్కలోకి పోతుంది, దాన్ని చేత్తో సరిదిద్దుకోవాల్సిందే. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి ఏటా ఒకే నెల, నవంబరో డిసెంబరో, పోల్చండి. 2022 జనవరి తర్వాతి సెంటినెల్ చిత్రాల్లో పిక్సెల్ విలువలకు 1000 కలిపి ఉంటుంది. తీసేయకుండా పాతవాటితో పోలిస్తే లేని మార్పు కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
30 మీటర్ల బఫర్‌కైనా సెంటినెల్ సరిపోతుందా?

జవాబు 3:
మూడే పిక్సెళ్లండీ, అంచువి రెండూ సగం పట్టీలో, సగం బయట పడొచ్చు. సరిపోదు. హెచ్‌ఎండీఏ ఎఫ్‌టీఎల్ పటాలను జియోరెఫరెన్స్ చేసి (భూమిపై అసలు స్థానాలకు సరిపోల్చి), మీటరు లోపు రిజల్యూషన్ చిత్రంపై ఒక్క చెరువుకే చేయండి. అందులో ఆర్‌ఎంఎస్ ఎర్రర్ (సరిపోల్చడంలో వచ్చిన సగటు తేడా) ఎంత వచ్చిందో రిపోర్టులో తప్పకుండా రాయండి.