టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది, బల్బు మాత్రం వెలగడం లేదు

నార్పల రైతు:
ఇంటి నుంచి చీనీతోట షెడ్డుకు భూమిలో పైపు వేసి రెండు వైర్లు లాగినాం. నిన్న సాయంత్రం నుంచి షెడ్డులో లైటు, ఫ్యాను ఏదీ పనిచేయడం లేదు. ఇంట్లో అన్నీ బాగున్నాయి. ప్లగ్గులో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది! వైరు తెగితే టెస్టర్ అసలు వెలగకూడదు కదా?

అనంతపురం ఎలక్ట్రీషియన్:
అన్నా, న్యూట్రల్ తెగింది. మెయిన్ ఆపకుండా ఏ వైరూ ముట్టుకోవద్దు.

కరెంటు ఫేజులో వచ్చి, బల్బులోంచి న్యూట్రల్ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి పోవాలి. ఆ దారి యాడ తెగినా మొత్తం దారిలో పారకం ఆగిపోతుంది. తెగిన చోటు దాకా పారి అక్కడ ఆగడం ఉండదు. వోల్టేజీ మాత్రం ఉంటుంది. పారకం లేనప్పుడు బల్బు దగ్గర వోల్టేజీ ఏమీ పడిపోదు, అందుకే ఆన్‌లో ఉన్న లైటు గుండా ఫేజు అవతలికి దాటి తెగిన న్యూట్రల్ ముక్కలోకీ వచ్చేస్తుంది. నీ రెండో రంధ్రంలో వెలుగుతున్నది అదే. టెస్టర్‌లో కరెంటును బాగా అడ్డుకునే రెసిస్టర్ ఉంటుంది, నీ ఒంట్లోంచి నేలకు పోయే రవ్వంత కరెంటు టెస్టర్ వెలగడానికి చాలు. బల్బుకు చాలదు.

షెడ్డులో స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులు, ఛార్జర్లు పీకేసి మళ్ళీ చూడు. ఒక రంధ్రంలోనే గట్టిగా వెలిగితే న్యూట్రల్ తెగినట్టే, అనుమానమే లేదు. రెండోది సన్నగా మినుకుమంటే పట్టించుకోవద్దు, పక్కపక్కనే పోయే పొడుగు వైర్లలో అట్ల కనిపిస్తుంది.

కడప ఫిజిక్స్ టీచర్:
ఒక మాట కలుపుతాను. లైటు ఆన్‌లో ఉంటే తెగిన రెండు కొసల మధ్య మొత్తం 230 వోల్టులూ ఉంటాయి. ఆ కొసలు రెండు చేతులతో పట్టుకుంటే దారి మన ఒంటి గుండా పూర్తవుతుంది. మధ్యలో బల్బు ఉంది కదా అనుకోకండి. 60 వాట్ల పాత బల్బు పావు ఆంపియర్ పోనిస్తుంది, ప్రాణం తీయడానికి 0.1 ఆంపియర్ చాలు. న్యూట్రల్ అంటే చల్లటి వైరు అని పిల్లలకు నేర్పేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

నార్పల రైతు:
స్విచ్చులన్నీ ఆపితే ఒక్క రంధ్రంలోనే వెలిగింది. మెయిన్ దించి వెతికితే, షెడ్డు గోడ దగ్గర టేపు కింద జాయింటు నల్లగా మాడిపోయి ఉంది. అల్యూమినియం వైరును రాగి వైరుకు మెలేసినారు. ఇప్పుడు వైర్‌మన్‌ను పిలిచినా. పోయినేడు మా వీధిలో కొన్ని ఇళ్ళల్లో టీవీలు కాలిపోయినాయి, అదీ ఇట్లాంటిదేనా?

అనంతపురం ఎలక్ట్రీషియన్:
ఆ రెండు లోహాలను ఊరికే మెలేస్తే తుప్పు పట్టి జాయింటు వేడెక్కుతుంది. రెండింటికీ పనికొచ్చే కనెక్టర్ వేయించన్నా.

టీవీల సంగతి అదే అయ్యుండొచ్చు. మూడు ఫేజు వైర్లుండే త్రీఫేజ్ లైనులో అందరి ఉమ్మడి న్యూట్రల్ తెగితే, వేర్వేరు ఫేజుల్లోని ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడి, ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకుంటాయి. వాడకం తక్కువున్న ఇంటికే ఎక్కువ వోల్టేజీ. ఒక ఇంట్లో లైట్లు మసకబారుతుంటే, పక్కింట్లో ఫ్యాను ఉన్నట్టుండి జోరందుకుంటుంది. అట్ల కనిపిస్తే టీవీ ఒక్కటే కాదు, ఇంటి మెయినే దించేయాలి, లైన్‌మన్ వచ్చి చూసే దాకా మళ్ళీ వేయకూడదు.