విశ్వానికి ఒడ్డు ఉందా? మా అమ్మాయికి ఏమని చెప్పాలి?

మాది కోనసీమ. మొన్న అంతర్వేదిలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, విశ్వానికీ ఒడ్డు ఉంటుందా?"

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లని, ఎటు చూసినా దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల మేరే మనకు కనిపించగలదని చదివాను. అది సముద్రం మీది దిగంతం లాంటిదని, మన చూపుకే హద్దని చెప్పాను. చిక్కంతా ఆ తర్వాతే. విశ్వం తొలినాళ్ల కాంతిని పరిశీలించిన ప్లాంక్ ఉపగ్రహం కొలతల్లో విశ్వం దాదాపు వక్రత (ఒంపు) లేనిదిగా తేలింది కదా, అలాగైతే అది అనంతమై తీరాలా? గుండ్రటి భూమి మీద ఎంత నడిచినా అంచు రానట్టు, వక్రత లేని విశ్వం కూడా అంచు లేకుండానే పరిమితంగా ఉండవచ్చా? ఉండవచ్చంటే ఆ సంగతి పిల్లకు ఏ ఉదాహరణతో చెప్పాలి? ఇంత మంచి ప్రశ్నకు అరకొర జవాబు ఇవ్వడానికి మనసొప్పడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించండి.