రైలు రిజర్వేషన్‌లోకి కంప్యూటరు రావడం సామాన్యుడికి మేలా, కీడా?

గోదావరిగట్టు:
మన నిత్యజీవితంలోకి కంప్యూటరు అడుగుపెట్టిన తొలి చోట్లలో రైల్వే రిజర్వేషను కౌంటరు ఒకటి. 1985లో ఢిల్లీలో మొదలైన ఆ ఏర్పాటు క్రమంగా ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకు విస్తరించింది. ఇంట్లో కంప్యూటరు ఉండడం ఊహకైనా అందని రోజుల్లోనే మామూలు ప్రయాణికులు దాని మీద అచ్చయిన టిక్కెట్టును చేత పట్టుకున్నారు. దీనివల్ల సామాన్యుడికి న్యాయం జరిగిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాదనేవారు కారణాలు చెప్పాలి.

కొత్తవలస ప్యాసింజరు:
తత్కాల్ గంట కొట్టిన తర్వాత ఏ కౌంటరు ముందైనా ఒకసారి నిలబడి చూడండి, కారణం తెలుస్తుంది.

పట్టాలవెంట:
నేను రిజర్వేషను క్లర్కుగా రిజిస్టర్ల కాలంలోనూ, కంప్యూటర్ల కాలంలోనూ పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. పాత పద్ధతి చూడనివారికి కొంత చెప్పాలి. ప్రతి రైలుకూ, ప్రతి తేదీకీ రిజిస్టరులో వేరే పేజీ ఉండేది. కావలసిన రైలు రిజిస్టరు ఏ కౌంటరులో ఉంటే ఆ వరుసలోనే నిలబడాలి. అక్కడ బెర్తు లేదంటే, మరో రైలు కోసం ఇంకో వరుస చివరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. తిరుగు ప్రయాణానికి అవతలి స్టేషనుకు టెలిగ్రాం ఇచ్చేవాళ్లం. పెళ్లికి వెళ్లేవారు తిరిగి రావడానికి బెర్తు ఉందో లేదో తెలియకుండానే రైలెక్కేవారు. ప్రభుత్వ సంస్థ సీఎంసీ తయారుచేసిన సాఫ్ట్‌వేరు వచ్చాక ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇవ్వగలిగాం. అయితే ఆ అయిదు కేంద్రాలూ మొదట్లో వేటికవే. వాటిని కలపడానికి రైల్వేల సొంత కంప్యూటరు సంస్థ క్రిస్ రూపొందించిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేరును 1994లో మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి అయిదూ ఒకే వల అయ్యాయి. టెలిగ్రాంల అవసరం తీరింది అప్పుడు.

లెక్కలమాస్టారు:
సికింద్రాబాదుకు కంప్యూటరు రిజర్వేషను 1994లో వచ్చిందనడం సరికాదు. అంతకుముందే ఉంది.

పట్టాలవెంట:
మాస్టారూ, కంప్యూటరు 1994లో వచ్చిందని నేను రాయలేదు. కాన్సర్ట్ వచ్చిందని రాశాను.

లెక్కలమాస్టారు:
చదివేవారికి అలా అర్థం కాదు. సంవత్సరాల విషయంలో జాగ్రత్త అవసరం.

కొత్తవలస ప్యాసింజరు:
సంవత్సరాలు ఎలా ఉన్నా, టిక్కెట్టు చివరికి ఎవరికి దొరుకుతోందో మాట్లాడుకుందాం. మా బావమరిది హైదరాబాదులో తాపీపని చేస్తాడు. ముందస్తు బుకింగు గడువు ఇప్పుడు అరవై రోజులు. మేస్త్రీ ఎప్పుడు సెలవిస్తాడో అంత ముందుగా చెప్పలేని మనిషికి మిగిలేది తత్కాల్ ఒక్కటే. స్లీపరు తత్కాల్ పదకొండు గంటలకు తెరుస్తారు. అతను తెల్లవారుజామునే వెళ్లి వరుసలో ముందు నిలబడ్డాడు. తన ముందున్న వ్యక్తి ఫారంలోని పేర్లు, వయసులు క్లర్కు ఎక్కిస్తుండగానే బెర్తులన్నీ అయిపోయాయి. తప్పు క్లర్కుది కాదు, ఆయన చేతులు ఆగలేదు. అదే క్షణంలో అవే బెర్తుల మీద దేశమంతటా లక్షల ఫోన్లు పడ్డాయి. చివరికి అతను జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి పక్కన నిలబడి పలాస చేరాడు.

బోగీ నంబరు ఏడు:
2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్టు టిక్కెట్లు మొదలుపెట్టడమే అసలు మలుపు. మీ ఫిర్యాదు దాని మీద, కౌంటరులోని కంప్యూటరు మీద కాదు.

గోదావరిగట్టు:
ఒక్క మనిషి అనుభవంతో మొత్తం ఏర్పాటును తప్పుపట్టకూడదు. 2025 జూలై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్ తత్కాల్ టిక్కెట్టు ఇస్తున్నారు. మొదటి అరగంట ఏజెంట్లకు అనుమతి లేదు. మీ బావమరిది చేతిలోనూ ఫోను ఉండే ఉంటుంది. నేర్చుకోవడానికి ఎవరు అడ్డుపడ్డారు?

కొత్తవలస ప్యాసింజరు:
ఈ మాట అనడానికి మీకు మనసెలా ఒప్పింది? పదకొండు గంటలకు అతను సారువ మీద ఉంటాడు. చేతులకు సిమెంటు ఉంటుంది. ఖాతా, ఓటీపీ, చెల్లింపు అన్నీ రెండు నిమిషాల్లో ముగించలేనివాడు బెర్తుకు అర్హుడు కాడా? రిజిస్టరు ఉన్న రోజుల్లో ముందు వచ్చినవాడికి ముందు దొరికేది.

గోదావరిగట్టు:
దొరికేది కాదండీ. అదే నా బాధ. మా నాన్నగారు చెప్పులు కుట్టేవారు. మా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక స్టేషనులో వరుస తప్పకుండా నిలబడి కౌంటరు దాకా వెళితే, ఆయన పంచెనూ చేతులనూ చూసి రిజిస్టరు తెరవకుండానే లేవు పొమ్మన్నారు. వెనకే వచ్చిన మనిషి ఒక చీటీ ఇచ్చి రెండు బెర్తులు రాయించుకున్నాడు. రిజిస్టరులో ఏముందో చూపించమని అడిగే హక్కు మా నాన్నగారికి లేదు. ఇప్పుడు ఎన్ని ఖాళీలున్నాయో కౌంటరు లోపలి ఉద్యోగికీ, బయట ఉన్న నాకూ ఒకేలా కనిపిస్తుంది. కంప్యూటరును తక్కువ చేసి మాట్లాడితే ఆ కౌంటరుకే మమ్మల్ని మళ్లీ పంపుతున్నారని నాకు అనిపిస్తుంది.

పట్టాలవెంట:
అలా చేసినవారు ఉన్నారు, నా కళ్లతో చూశాను. అందరినీ ఒక గాటన కట్టవద్దని మాత్రం కోరుతున్నాను. దొంగతనంగా టిక్కెట్ల వ్యాపారం చేయడం 1989 నాటి రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరమే. కంప్యూటరు వచ్చాక ఆ నేరం పోలేదు, దొంగ ఖాతాల్లోకి మారింది.

కొత్తవలస ప్యాసింజరు:
గోదావరిగట్టు గారూ, మీ నాన్నగారికి జరిగింది అవమానం. దాన్ని నేను కోరుకుంటానా? చీటీల కాలం తిరిగి రావాలని నేను అనలేదు. తత్కాల్ బెర్తుల్లో కొంత వాటాను మొదటి గంట కౌంటర్లకే ఉంచమంటున్నాను. గుర్తింపు కార్డు చూసి ఇవ్వండి, ఖాళీల సంఖ్య పైన తెర మీద అందరికీ కనిపించనివ్వండి.

గోదావరిగట్టు:
అత్యవసర ప్రయాణాలకని విడిగా ఉంచే ఎమర్జెన్సీ కోటా బెర్తులు ఈ రోజుకీ పెద్దల లేఖల మీదనే కేటాయిస్తున్నారు. ఎవరి లేఖతో ఎవరికి ఇచ్చారో చార్టుతో పాటు ప్రకటించనంతవరకూ మనిషి చేతిలో మరో వాటా పెట్టడానికి నేను ఒప్పుకోను.

కొత్తవలస ప్యాసింజరు:
నేనడిగేది మనిషి చేతిలో పెట్టమని కాదు. కౌంటరు వాటానూ కంప్యూటరే వరుస ప్రకారం ఇవ్వాలి. ఆ లేఖల జాబితా బయటపెట్టమని మీతో పాటు నేనూ అడుగుతాను. అది వచ్చేదాకా మా బావమరిదిని నిలబెట్టడం మాత్రం న్యాయం కాదు.