'ఓ' ఉంటే తిప్పొద్దు: ఇంగ్లీషు వాక్యంలో మాటల వరస

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాకు ఇంగ్లీషు మాటలు బాగానే తెలుసు. రాయడానికి కూర్చుంటే మాత్రం ఏ మాట ముందు, ఏది వెనక అన్న దగ్గర తడబడతాను. కలగాపులగంగా ఇచ్చిన మాటల్ని వాక్యంగా పేర్చే ఎక్సర్‌సైజులు చాలా చేశాను. అక్కడ సరిగ్గానే వస్తుంది, సొంతంగా రాస్తే మళ్లీ అదే తప్పు. ఏం చేయాలి?

జవాబు: ఆ ఎక్సర్‌సైజుల్లో మాటలు వాళ్లే ఇచ్చేస్తారండీ. పెద్ద అక్షరం మొదటి మాటను, ఫుల్‌స్టాప్ చివరి మాటను పట్టిచ్చేస్తాయి. సొంతంగా రాసేటప్పుడు ఆ ఆధారాలు ఉండవు కాబట్టి తెలుగు వరసే చేతికి వస్తుంది.

"రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా పోయింది రావణుడే. ఆ 'ణ్ణి' ఎక్కడున్నా తన పని తాను చేస్తుంది. అదే "రామ కిల్డ్ రావణ"ను తిప్పి "రావణ కిల్డ్ రామ" అంటే కథే తారుమారు. మనకు విభక్తి చేసే పని అక్కడ స్థానం చేస్తుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుకూ విభక్తి ప్రత్యయాలు ఉండేవి, మాటలు అటూ ఇటూ జరిగేవి. అవి అరిగిపోయేకొద్దీ వరస బిగుసుకుంది. హీ, హిమ్ లాంటి జంటల్లో ఆ పాత ఆనవాలు ఇంకా కనిపిస్తుంది.

ఇక సాధన. మీ సొంత తెలుగు వాక్యమే తీసుకోండి: "నేను నిన్న లైబ్రరీలో ఫ్రెండ్‌ని కలిశాను." 'నేను'ను కదపకండి. మిగతాది చివరి నుంచి వెనక్కి చదవండి: కలిశాను, ఫ్రెండ్‌ని, లైబ్రరీలో, నిన్న. "ఐ మెట్ ఎ ఫ్రెండ్ ఇన్ ది లైబ్రరీ యెస్టర్‌డే." అద్దంలో చూసినట్టు ఉంది కదా! 'లైబ్రరీలో' అన్న మాట లోపల కూడా 'లో' ముందుకొచ్చేసింది. "నువ్వు ఇచ్చిన పుస్తకం"లో కూడా చివరి 'పుస్తకం' ముందుకొస్తుంది: "ది బుక్ యు గేవ్". విశేషణాలకు మాత్రం ఈ తిప్పుడు వద్దు: "పెద్ద ఎర్ర పెట్టె" రెండు భాషల్లోనూ ఒకే వరసలో ఉంటుంది.

ముందు "ఐ మెట్" అని ఆగి, ఒక్కో ముక్క చేర్చినప్పుడల్లా మొదటి నుంచి పైకి చదవండి. క్రియకూ దాని కర్మకూ మధ్య ఎలా, ఎప్పుడు, ఎక్కడ అని చెప్పే మాట దూరనివ్వకండి. "షీ స్పీక్స్ వెల్ ఇంగ్లిష్" తప్పు, ఆ 'వెల్' చివరికి పోవాలి.

ప్రశ్న: చాలా థ్యాంక్స్ అండీ. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అని రాస్తే తప్పన్నారు. ప్రశ్న అంటే 'వేర్ ఈజ్ హీ' అనే కదా?

జవాబు: విడిగా అడిగితే అదే. వాక్యం కడుపులోకి వెళ్లిన ప్రశ్న మామూలు వాక్యపు వరసకు వచ్చేస్తుంది: "ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్." దీన్ని పట్టుకోవడానికి మన తెలుగులోనే మంచి గుర్తు ఉంది. "ఎక్కడున్నాడు?" అని నేరుగా అడుగుతాం, "ఎక్కడున్నాడో తెలియదు" అంటాం. ఆ 'ఓ' కనిపించిందంటే ఇంగ్లీషులో తిప్పకూడదు, అంటే 'ఈజ్' లాంటి మాటను కర్త ముందుకు తేకూడదు. 'ఓ' లేని అసలు ప్రశ్న అయితే తిప్పాలి. "వై యు ఆర్ క్రైయింగ్?" అని చాలామంది అంటుంటారు, అక్కడ 'ఓ' లేదు కాబట్టి "వై ఆర్ యు క్రైయింగ్?" అనాలి. "ఎవరు వచ్చారు?" లాంటిది ఒక్కటి వేరు. 'ఎవరు' అన్నదే కర్త కాబట్టి "హూ కేమ్?" అంటే సరిపోతుంది, తిప్పడానికేమీ ఉండదు.

తిప్పడం మానినప్పుడు డూ, డజ్, డిడ్ కూడా ఎగిరిపోతాయి. ఎక్కువమంది జారేది ఇక్కడే. "వెన్ డిడ్ షీ లీవ్?" అన్నది "ఐ డోంట్ నో వెన్ షీ లెఫ్ట్" అవుతుంది. భూతకాలం 'డిడ్' నుంచి క్రియ మీదకు దిగిందన్నమాట.

ఈ మూడూ ఇంగ్లీషులో రాసి ఇక్కడే పెట్టండి, చూద్దాం: ఆమె ఎందుకు నవ్విందో నాకు తెలుసు. అతను ఎందుకు నవ్వాడు? నువ్వు నిన్న చదివిన పుస్తకం ఎక్కడుందో చెప్పు.