‘లిటరల్లీ’: అర్థం చెడిందా, మారిందా?

టీచరమ్మ:
తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్తాను. మొన్న ఒక పిల్ల వ్యాసంలో ‘ఎండకి నా తల లిటరల్లీ పేలిపోయింది’ అని రాసింది. ఎర్ర పెన్నుతో గీత గీసి ఒక మార్కు తగ్గించాను. మర్నాడు ఫోన్లో డిక్షనరీ తెరిచి చూపించింది. ‘ఉన్నదున్నట్టు’ అన్న అర్థం కిందే, మాటకు జోరు పెంచడానికి కూడా వాడతారని ఉంది. తప్పును డిక్షనరీలే ఒప్పుకుంటే మేం ఏం పట్టుకుని పాఠం చెప్పాలి?

పాతపుస్తకాలు:
టీచర్ గారూ, ఇది ఈ తరం పిల్లలు తెచ్చిన వాడుక కాదండి. ఆ మాట లాటిన్ ‘లిట్టెరా’ నుంచి వచ్చింది, అంటే అక్షరం. మొదట్లో అర్థం ‘అక్షరం పొల్లు పోకుండా’ అనే. కానీ 1769లోనే ఫ్రాన్సెస్ బ్రూక్ అనే ఇంగ్లీషు రచయిత్రి నవలలో, అందమైన ఆడవాళ్ల మధ్యకు వచ్చిన అదృష్టవంతుడి గురించి చెబుతూ, అది ‘లిటరల్లీ’ లిల్లీపూల మధ్య మేయడమే అని ఉంది. 1876లో మార్క్ ట్వేన్ తన నవలలోని కుర్రాడు టామ్ సాయర్‌ని ‘లిటరల్లీ’ డబ్బులో దొర్లించాడు. వెబ్‌స్టర్ డిక్షనరీ 1909లోనే ఈ వాడుకను నమోదు చేసింది. 2013లో పత్రికలు గగ్గోలు పెట్టింది మాత్రం, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు 2011లో చేర్చిన అర్థం మీద.

‘వెరీ’ సంగతీ అంతే. లాటిన్‌లో ‘వేరుస్’ అంటే నిజం. ఒకప్పటి ఇంగ్లీషులో ‘వెరీ’ మనిషి అంటే అసలు సిసలైన మనిషి. ఇప్పుడది ఉత్త ‘చాలా’. దాని మీద ఎవరూ మార్కులు కోయడం లేదు కదా!

డల్లాస్ నుంచి:
పాతదైనంత మాత్రాన పనికొస్తుందనలేం. పోయిన ఏడాది నాన్నగారిని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. ‘ఊపిరాడక చచ్చాన్రా’ అన్నారు. టెన్షన్‌లో నేను ‘లిటరల్లీ ఊపిరి ఆడలేదట’ అని ఇంగ్లీషులో చెప్పాను. నర్సు రాయడం ఆపి, ‘పూర్తిగా ఆగిందా, ఆయాసమా?’ అని రెండుసార్లు అడిగింది. ‘ఉన్నది ఇదే, పెంచి చెప్పడం లేదు’ అనడానికి ఉన్న మాటే అది. దాని మీద నమ్మకం పోయాక అక్కడ ఇంకేం వాడాలి?

పాతపుస్తకాలు:
మీ భయం నాకు అర్థమైంది. అక్కడ తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. కానీ మన ‘అక్షరాలా’ని చూడండి. అదీ అక్షరంలోంచి పుట్టిందే. ప్రామిసరీ నోటులో అంకె పక్కన ‘అక్షరాలా పదివేల రూపాయలు’ అని రాస్తే ఒక్క రూపాయి అటూ ఇటూ కాకూడదు. అదే మనిషి ఇంటికొచ్చి ‘ఆ ఆఫీసు అక్షరాలా నరకం’ అంటాడు. ఈ రెండో మాట వల్ల నోటులో అప్పు తగ్గదు. ‘లిటరల్లీ’కి వ్యతిరేకార్థం వచ్చిందని కొందరంటారు, అదీ నేను ఒప్పుకోను. ఆ పిల్ల ‘పోలికకి చెప్తున్నా’ అనలేదు, నొప్పి ఎంత గట్టిదో చెప్పింది. పోలిక ‘పేలిపోయింది’లో ఉంది.

డల్లాస్ నుంచి:
నోటు మీద ఏది ఎక్కడ రాయాలో పద్ధతి ఉందండీ. నోటి మాటకు అది లేదు. నేనింకా టీచర్ గారి పక్షమే.

టీచరమ్మ:
మార్కు తిరిగి వేశాను. సైన్సు రికార్డులో ‘గాజు గ్లాసు లిటరల్లీ పేలింది’ అని రాస్తే మాత్రం అది ముక్కలై ఉండాలని చెప్పాను. సరేనంది.